యుద్ధానికి రానన్న మనస్సాక్షి

బందరు, గుడివాడ, దివిసీమల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన మన కుటుంబాల్లో కొడుక్కి 18 ఏళ్లు నిండగానే ఒక ప్రశ్న తలెత్తుతుంది. అక్కడి చట్టం ప్రకారం పౌరులూ, గ్రీన్ కార్డు ఉన్నవారూ అయిన యువకుల పేర్లు సైనిక సేవ జాబితాలోకి ఎక్కాలి. 1973 తర్వాత ఎవరినీ నిర్బంధంగా సైన్యంలో చేర్చుకోలేదు, నిజమే. రేపు పిలిస్తే? మతం ఒప్పుకోదని రాసిస్తే వదిలేస్తారని ఇక్కడి పెద్దలు తేలిగ్గా అనేస్తుంటారు. అంత తేలిక కాదని మా మనవి.

బాక్సర్ ముహమ్మద్ అలీ సంగతే చూడండి. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పేరు పిలిచినా ఆయన అడుగు ముందుకు వేయలేదు. పారిపోలేదు, దాక్కోలేదు. ప్రపంచ విజేత బిరుదు పోయింది. 5 ఏళ్ల జైలు, 10 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు వల్ల జైలు తప్పిందిగాని, మూడేళ్లకు పైగా బరిలోకి దిగనివ్వలేదు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. దీన్ని మన వాదనకు దక్కిన గెలుపుగా చెప్పుకోవడం పొరపాటు. మినహాయింపు నిరాకరించిన అప్పీలు బోర్డు అందుకు కారణం చెప్పలేదన్నదే ఆ తీర్పుకు ఆధారం.

అసలు చిక్కు వేరే ఉంది. ఏ యుద్ధమూ వద్దనేవారికే ఆ చట్టం మినహాయింపు ఇస్తుంది. ఫలానా యుద్ధం అన్యాయం, దానికి మాత్రం రాననేవారికి అది వర్తించదని అదే ఏడాది మార్చిలో ఆ కోర్టే తేల్చింది. ఇస్లాం అన్ని యుద్ధాలనూ నిషేధించలేదు. దౌర్జన్యానికి గురైనవారికి పోరాడే అనుమతి ఇచ్చింది, హద్దు మీరవద్దంది. ఆ ప్రకారం నడిచే కుర్రవాడు అబద్ధమాడితే మినహాయింపు, నిజం చెబితే జైలు! ధర్మాధర్మాలు విచారించి ఒక యుద్ధాన్ని కాదనేవాడిది మనస్సాక్షి కాదా?

మన పెద్దలు ఆ విచక్షణ చూపినవారే. 1921 జూలైలో కరాచీ ఖిలాఫత్ మహాసభ బ్రిటిష్ సైన్యంలో కొలువు ముస్లింలకు హరామ్ అని తీర్మానించింది. మౌలానా ముహమ్మద్ అలీ (పేరు కలవడం కాకతాళీయం), ఆయన అన్న షౌకత్ అలీ, మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ తదితరులు రెండేళ్ల జైలుశిక్షకు గురయ్యారు. అది నిర్బంధ సైన్యం కాదు, జీతపు సైన్యం. అయినా హరామ్ కొలువు హరామే అన్నారు.

ఒక మాట మనకూ చెప్పుకోవాలి. తౌబా సూరా బలహీనులను, రోగులను, దారి ఖర్చు లేనివారిని యుద్ధం నుంచి మినహాయించింది. సాకులు చెప్పి వెనకబడినవారిని మాత్రం గట్టిగా మందలించింది. ప్రాణభయానికి మతం ముసుగు తొడిగితే నిజంగా అభ్యంతరం ఉన్నవాడి మాట కూడా ఎవరూ నమ్మరు.

పేరు నమోదయ్యేటప్పుడు అభ్యంతరం చెప్పే వీలు లేదు, పిలుపు వచ్చాకే చెప్పాలి. మమ్మల్ని అడిగే తండ్రులకు మేము చెప్పేది ఇదే: నమోదు తప్పించవద్దు. ఏ యుద్ధాన్ని ఎందుకు కాదంటాడో అబ్బాయిని ఇప్పుడే తన మాటల్లో రాసి, తేదీ వేసి దాచుకోమనండి.