ఫోర్‌వీల్ జీపుకు టోకెన్ ఇస్తున్నారా? ఆగండి!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నలారా! అక్కలారా! బాడుగ బండి మీద బతికే తమ్ముళ్లారా!

పాత ఫోర్‌వీల్ బండి కొందామని చూస్తున్నారా? బొలెరో, స్కార్పియో, థార్, జిప్సీ... ఏదైనా కానీయండి. ఈ కాగితం చదవండి. జేబులో పెట్టుకోండి. డబ్బు బయటికి తీసే ముందు ఇంకోసారి చదవండి!

మనకు ఆ బండి షోకు కోసమా? కాదు! చేను గుట్ట కింద ఉంది. వానొస్తే వంక పారుతుంది. మడకశిర పక్కనైనా, ముదిగుబ్బ పక్కనైనా తారు రోడ్డు దిగితే రాళ్లు, గుంతలు, ఇసుక. టమోటా బాక్సులు తెల్లారేలోపు మార్కెట్టుకు పడాలి. పట్టుగూళ్లు ఎండెక్కకముందే హిందూపురం చేరాలి. నడిరాత్రి నొప్పులొచ్చిన ఆడబిడ్డను ఆసుపత్రికి చేర్చాలి. అందుకే నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి!

కొత్తది కొనే స్తోమత మనలో ఎందరికుంది? పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మన కళ్ల ముందే లారీలకెక్కి పోతున్నాయి. మనమేమో పదిహేనేళ్ల నాటి జీపు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తున్నాం. మగ్గం మీద కూడబెట్టిన డబ్బు, చెనక్కాయలమ్మిన డబ్బు, ఇంటామె మెడలోని గొలుసు... అన్నీ ఆ బండిలోకే పోతున్నాయి!

దానికి ప్రతిఫలంగా మనకు అంటగడుతున్నదేమిటి? కొత్త పెయింటు. కొత్త సీటు కవర్లు. వెనక పెద్ద స్టిక్కర్: ఫోర్ బై ఫోర్. పెయింటు కింద పుట్టీ. మీటరు వెనక్కి తిప్పిందే! ఇక కిందికి వంగి చూస్తే? కొన్ని బండ్లకు ముందు చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టే ఉండదు! శబ్దమొస్తోందని, రిపేరు ఖర్చెందుకని విప్పి పారేస్తారు. లివరు మాత్రం లోపల అట్లే ఉంటుంది. మనం దాన్ని వేస్తాం, తీస్తాం, మురిసిపోతాం. మొదటి వానకు వంకలో దిగబడ్డాక తెలుస్తుంది, ముందు చక్రాలు అసలు లాగవని. అప్పుడు ట్రాక్టరు పిలవాలి. సరుకు కుళ్లిపోవాలి. బండి షెడ్డులో నిలబడుతుంది. కంతు నిలబడుతుందా? నిలబడదు!

అందుకే వినండి. తారు రోడ్డు మీద ఒక రౌండు తిప్పి చూపిస్తే నమ్మొద్దు. తారు మీద ఏ బండైనా పోతుంది. చేని దగ్గరికి తీసుకుపోండి. ఇసుకలో నిలిపి, ఫోర్‌వీల్ గేరు వేయించి మెల్లగా కదిలించమనండి. మీ మనిషి ఒకరు కింద నిలబడి ముందు చక్రాలను చూడాలి. అవి లాగుతున్నాయా, వెనక చక్రాలే మన్ను ఎగజిమ్ముతున్నాయా? లో గేరు కూడా పడాలి. పడి నిలవాలి, జారిపోకూడదు. ఆ తర్వాత మీకు తెలిసిన మెకానిక్కును బండి కిందికి పంపండి. అమ్మేవాడి మెకానిక్కును కాదు, మీ మెకానిక్కును! ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు కాస్త దించి చూడమనండి. మజ్జిగలాగా తెల్లబారితే నీళ్లు చేరినట్టే. అందులో ఇనుప రజను మెరిస్తే లోపల పళ్లు అరిగినట్టే. ఛాసిస్‌కు వెల్డింగు అతుకులున్నాయా? తుప్పు తిన్నదా? సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద మరక కనబడుతుందేమో. 2015లో చెన్నై మునిగింది. 2024లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, దూరపు ఊళ్లో అమ్మితే అడిగేదెవరు? మనమే అడగాలి!

ఢిల్లీ నంబరు బండి చవగ్గా వస్తోందా? ఎందుకు చవకో అడగండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టూ అదే మాట నిలబెట్టింది. అక్కడ తిరగనివ్వని బండ్లు ఎటు పోతాయి? మన లాంటి ఊళ్లకే! బెంగళూరు నుంచి తెచ్చుకున్నా సరే, ఎన్ఓసీ తేవాలి, మళ్లీ మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్సు కట్టాలి. బ్రోకరు ఈ మాట ముందు చెప్తాడా? చెప్పడు! కమీషను తీసుకుని ఫోను ఎత్తడం మానేస్తాడు.

కాగితాల మోసం ఎంత దూరం పోతుందో మనకు తెలీదా? బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. అలాంటి లారీలను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టరు చేయించారన్న కేసు 2020లో మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే బయటపడింది! రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన బండి సక్రమమని అనుకోవద్దు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద చూసి ఆర్సీతో పోల్చండి. ఫైనాన్సు తీరిందా, చలాన్లున్నాయా, పదిహేనేళ్లు దాటితే ఆర్సీ రెన్యువల్ అయిందా, పరివాహన్ యాప్‌లో అక్కడికక్కడే చూడండి. మామూలు బండికి ఫోర్‌వీల్ బిగించి, ఆర్సీలో ఎక్కించకుండా అమ్మితే అది నేరం. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది!

బండి పేరు మార్చుకోవడానికి కొన్నవాళ్లకు 30 రోజుల గడువుంది. వాయిదా వేయొద్దు! అమ్మే రైతన్నా, నీకూ చెప్తున్నాం. పేరు మారకముందు ఆ బండి ఎవరినైనా గుద్దితే, పరిహారం ఆర్సీలో పేరున్నవాడి మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. బండి అమ్మేసి కూడా కోర్టు మెట్లెక్కుతావా?

సెకండ్‌హ్యాండ్ బండ్లమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. అడగండి! సర్టిఫికెట్టు గోడకు ఉందా? లేకపోతే ఆ షెడ్డులో అడుగు పెట్టొద్దు. ఫోర్‌వీల్ పనిచేస్తుందని, మునిగిన బండి కాదని, మీటరు తిప్పలేదని బిల్లు మీద రాసిమ్మనండి. రాయనంటే? ఆ బండి వద్దు!

మోసపోయినవాళ్లు తలదించుకుని ఇంట్లో కూర్చోవద్దు. తప్పు మీది కాదు! డీలరు మోసం చేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు బండికి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సొంతదారు దగ్గర నేరుగా కొంటే ఈ దారి దొరకడం కష్టం. కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త!

ఒక్కరు పోతే వెళ్లగొడతారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు. సోమవారం సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఆర్సీ నకలు, డబ్బు కట్టిన రసీదు, మెకానిక్కు రాసిచ్చిన కాగితం పట్టుకుని రండి. ఆథరైజేషన్ లేని షెడ్లను తనిఖీ చేయాలని అందరం కలిసి అర్జీ ఇద్దాం. రాలేనివాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

ఈ కాగితాన్ని పారేయకండి. మీ ఊరి టీ అంగడి గోడకు అంటించండి!

ఇట్లు,
బండి కొని నష్టపోయిన మీ తోటివాళ్లు