తొలి తుపాకి, దూరం మీద ఆశ

టెక్సస్ రాష్ట్రపు ఉత్తర, మధ్య మండలాలలో సెప్టెంబరు 1వ తేదీన గువ్వల వేట మొదలవుతుంది. ఆగస్టు వచ్చిందంటే చాలు, ఇక్కడి మిత్రులలో ఒకరిద్దరైనా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "తుపాకి కొనబోతున్నానండీ, గొట్టం ఎంత పొడవుండాలి? చోక్ ఏది తీసుకోవాలి?" అడిగేవారిలో చాలామంది జవాబును ముందే మనసులో ఖాయపరచుకొని వస్తారు. పొడవైన గొట్టం, బిగుతైన చోక్, ఎక్కువ దూరం. ఆ జవాబు తప్పని నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేడు ఇటువంటి వినోదపు వేటకు తావు లేదు. ఉండాలని నేను కోరడమూ లేదు. నేను మాట్లాడుతున్నది అమెరికాలో లైసెన్సు తీసుకొని, కాలానికీ సంఖ్యకూ ఉన్న పరిమితులకు లోబడి చేసే వేట గురించి. 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారికి టెక్సస్‌లో వేట శిక్షణ విధాయకం. ఆ శిక్షణ తుపాకిని ఎలా పట్టుకోవాలో నేర్పుతుంది. ఏ తుపాకి కొనాలన్నది మాత్రం కొనేవాడి వివేకానికే మిగిలిపోతుంది.

షాట్‌గన్ ఒక్క గుండును పేల్చేది కాదు. వందల కొద్దీ చిన్న గుండ్లను ఒక గుంపుగా పంపుతుంది. గొట్టం చివర లోపలి వ్యాసాన్ని కొద్దిగా తగ్గించి, ఆ గుంపు త్వరగా చెదరకుండా చేసే ఏర్పాటే చోక్. 12 గేజ్ తుపాకి లోపలి వ్యాసం సుమారు 0.729 అంగుళాలు. ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్‌లో అది సుమారు 0.010 అంగుళాలు తగ్గుతుంది, మాడిఫైడ్‌లో 0.020, ఫుల్ చోక్‌లో 0.035. కంటికి ఆనని తేడాలే ఇవి. కాని 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తం గీసి కాల్చి చూస్తే, ఇంప్రూవ్డ్ సిలిండర్ తన గుండ్లలో సుమారు సగాన్ని ఆ వృత్తంలో నిలుపుతుంది. మాడిఫైడ్ నూటికి 60, ఫుల్ నూటికి 70.

ఈ లెక్క చూసినవాడికి ఫుల్ చోకే మేలనిపించడం సహజం. అయితే కొత్తవాడు కొట్టగలిగే పక్షి 40 గజాల దూరంలో ఉండదు. 20, 25 గజాలలో ఉంటుంది. 20 గజాల వద్ద ఫుల్ చోక్ గుంపు వెడల్పు సుమారు 16 అంగుళాలే. ఇంప్రూవ్డ్ సిలిండర్‌ది 26 అంగుళాలు. ఎగురుతున్న పక్షికి ఎంత ముందుగా కాల్చాలో ఇంకా తెలియని చేతికి ఆ 10 అంగుళాలు ఎంతో ఆసరా. పైగా అంత దగ్గరలో ఫుల్ చోక్ గుంపు నడిమికి చిక్కిన గువ్వ తినడానికి పనికిరాకుండా ఛిద్రమైపోతుంది.

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా తొలి తుపాకి 30 అంగుళాల గొట్టమున్న పాత 12 గేజ్. దాని ఫుల్ చోక్ మార్చడానికి వీలు లేనిది. "దూరం అందుకుంటుంది" అన్నాడు అమ్మినవాడు. నేనూ ఆ మాటకే మురిసిపోయాను. మొదటి రోజున ఒక పెట్టె తూటాలు ఖర్చు చేసి రెండు గువ్వలను పడగొట్టాను. ఒకటి గుర్తుపట్టలేనంతగా చితికిపోయింది. సాయంత్రం, అందదని తెలిసి తెలిసీ, దూరాన పోతున్న మూడోదాని మీద కాల్చాను. అది పడలేదు. ఒక కాలు వేలాడుతుండగా, ఒరిగిపోతూ కంచె దాటి అవతలి ముళ్ళపొదలలోకి దిగిపోయింది. ఆ నేల పరాయివారిది. అనుమతి అడిగి తెచ్చుకునే సరికి చీకటి పడింది. లాంతరు పట్టుకొని వెదికినా దొరకలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మరుసటి వారం మా పొరుగున ఉండే ఒక వృద్ధ రైతు నా తుపాకి చూసి, ఏమీ అనకుండా ఒక పెద్ద కాగితాన్ని చట్రానికి బిగించి 20 గజాల దూరంలో నిలబెట్టాడు. ముందు నా తుపాకితో, తర్వాత తన తుపాకితో కాల్పించాడు. రెండు కాగితాలనూ పక్కపక్కన పరిచాక ఆయన వివరించవలసింది ఏమీ మిగలలేదు.

"వదులు చోక్‌లో గుండ్లు పలచబడి పక్షులు గాయాలతో తప్పించుకోవా?" అని అడిగేవారున్నారు. సరైన ప్రశ్నే. లెక్క చూద్దాం. ఒక ఔన్సు ఏడున్నర నంబరు సీసపు గుండ్లు సుమారు 350. అందులో సగం 40 గజాల దగ్గర 30 అంగుళాల వృత్తంలో పడినా 175. 30 గజాలలో ఇంకా ఎక్కువే. గువ్వకు అది చాలు. దూరం హద్దు మీరినప్పుడు ఏ చోకైనా గాయపరుస్తుంది. ఫుల్ చోక్‌లో ఉన్న అసలు దోషం, ఆ హద్దు మీరవచ్చునన్న భ్రమను కొత్తవాడిలో నాటడం.

గొట్టం పొడవు విషయమూ ఇంతే. నల్లమందు వాడిన కాలంలో పొడవైన గొట్టానికి అర్థముండేది. నేటి పొగలేని మందు గొట్టపు మొదటి భాగంలోనే చాలావరకు కాలిపోతుంది. రెండంగుళాలు పెరిగినందువల్ల వేగంలో చెప్పుకోదగ్గ లాభం లేదు. పొడవు వల్ల కలిగేది చేతి నిలకడ. మరీ పొట్టి గొట్టం చటుక్కున కదిలి చటుక్కున ఆగిపోతుంది. జంట గొట్టాల తుపాకిలో 28 అంగుళాలు, యంత్రభాగమే కొన్ని అంగుళాలు ఉండే పంప్, సెమీ ఆటోమేటిక్ తుపాకులలో 26 గాని 28 గాని చాలును. భుజానికి ఒదిగిందా లేదా అన్నది వీటన్నిటికంటె ముఖ్యం.

చోక్ మరతో బిగించి మార్చుకునే రకమే కొనండి. మార్చే ముందు తుపాకి ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకోండి. చోక్ బిగించకుండా కాల్చితే మరలు చెడిపోతాయి. బాతుల వేటలో 1991 నుండి అమెరికా అంతటా సీసపు గుండ్లు నిషిద్ధం. బదులుగా వాడే ఉక్కు గుండ్లు సీసంలా నలగవు కనుక సహజంగానే దగ్గరదగ్గరగా పోతాయి. వాటికీ వదులు చోకే మేలు. పాత తుపాకులలో, అందునా ఫుల్ చోక్ ఉన్నవాటిలో, వాటిని కాల్చితే గొట్టమే పాడుకావచ్చు.

సాలిం అలీ పక్షిశాస్త్రం వైపు మళ్ళడానికి మూలం బాల్యంలో ఆయన గాలితుపాకితో కొట్టిన ఒక పిచ్చుక. దాని కంఠం మీది పసుపు మచ్చ చూసి ఇదేం పిట్ట అని అడిగాడాయన. ఆ ప్రశ్న పుట్టింది పక్షి చేతికి అందినందువల్ల. ముళ్ళపొదలలో పడి ఎవరికీ దొరకని పక్షి ఎవరి ఆకలీ తీర్చదు, ఎవరికీ ఏమీ నేర్పదు. వేటను ద్వేషించే నా మిత్రులతో నేను వాదించను. వేటాడదలచినవాడు మాత్రం ఆ పక్షికి ఒక్కటి బాకీ ఉన్నాడు: కాల్చితే అది వెంటనే పడాలి, పడితే దొరకాలి.

కనుక మొదటి రెండేళ్ళు ఇంప్రూవ్డ్ సిలిండర్‌తోనే గడపండి. మైదానంలోకి వెళ్ళే ముందు కాగితం మీద కాల్చి చూసుకోండి. 30 గజాల అవతల ఉన్న పక్షిని పోనివ్వండి. పోనివ్వడం కూడా వేటలో భాగమేనని నాకు తెలిసివచ్చేసరికి ఒక గువ్వ మూల్యం చెల్లించింది.