ఊహ ఎవరి సొత్తు?

పోయిన ఆదివారం హైదరాబాద్‌లో ఒక యానిమే, గేమింగ్ కన్వెన్షన్‌కి వెళ్లాను. మా కాలేజీ పిల్లలు ముగ్గురు రమ్మన్నారు, వెళ్లాను, అంతే. సోమవారం స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి నవ్వారు: "తెలుగులో డాక్టరేట్ చేసి, దళిత సాహిత్యం గురించి మాట్లాడే మీరు ఆ బొమ్మల జాతరకి పోయారా?"

ఆ నవ్వులో రెండు మాటలున్నాయి. ఒకటి, బొమ్మల కథలు చిన్నపిల్లల వ్యవహారం. రెండు, మీకు ఊహాలోకాలతో పనేంటి? మొదటిది తెలియక అనే మాట. రెండోది చాలా పాత మాట. ఈ వారం రాత దాని గురించే.

ముందు అక్కడేముందో చెప్తాను. ఒక పెద్ద హాలు. ఒకవైపు వరసగా గేమింగ్ కంప్యూటర్లు, వాటి ముందు క్యూలు. ఇంకోవైపు సొంతంగా బొమ్మలు గీసి అమ్ముకునే ఆర్టిస్టుల బల్లలు. మధ్యలో కాస్‌ప్లే. ఆకుపచ్చ, నలుపు గళ్ల అంగీల తంజిరోలు, నుదుటికి పట్టీ కట్టిన నరుటోలు, గడ్డి టోపీల లూఫీలు. ఒకమ్మాయి ఫోమ్ షీట్లు కోసి, అతికించి, రంగేసి ఒళ్లంతా కవచం చేసుకుంది. "రెండు నెలలు పట్టింది సార్" అంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ పాత్ర పేరుతో పిలిచి ఫొటో అడుగుతుంటే పిల్ల మొహం వెలిగిపోయింది. అక్కడ అందరూ అడిగే ప్రశ్న "నువ్వు ఏ క్యారెక్టర్?" "మీరేమోళ్లు?" అని అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

అలాగని అది సమసమాజమేమీ కాదు. టికెట్టు, విగ్గు, డ్రెస్సు, క్యాబ్ కలిపితే హాస్టల్ పిల్లల నెల ఖర్చు దాటిపోతుంది. నాతో వచ్చిన ముగ్గురిలో ఇద్దరు మామూలు బట్టల్లోనే వచ్చారు. మూడోవాడు పాత నల్లగుడ్డ చించి, దాని మీద మార్కర్‌తో నరుటో గుర్తు గీసి తలకి కట్టుకున్నాడు.

కాస్‌ప్లే అనే మాట 1980లలో జపాన్‌లో పుట్టింది. వేషం కట్టడం మాత్రం మన వాడలకి కొత్త కాదు. తెలంగాణలో చిందు కళాకారులు తరతరాలుగా చెక్క కిరీటాలు, భుజకీర్తులు కట్టుకుని, మొహానికి రంగేసుకుని దేవుళ్లయ్యారు, రాజులయ్యారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ చిన్నప్పుడే గజ్జె కట్టింది. రాత్రంతా ఊరి చేత మొక్కించుకున్న దేవుడు తెల్లారి రంగు కడుక్కుంటే మళ్లీ ఊరి బయట మనిషే. వాళ్లు చెప్పే జాంబపురాణంలో జాంబవంతుడు భూమి కంటే ముందు పుట్టినవాడు. ఇంతకంటే పెద్ద ఫాంటసీ ఏ స్టూడియో తీసింది?

ఆ బొమ్మల కథల్లో ఏముంది అనేవాళ్లకి 'వన్ పీస్' చెప్తాను. ఐచిరో ఓడా 1997 నుంచి గీస్తున్న మాంగా. అందులో లోకాన్నేలే ఒక వంశం ఉంటుంది. మామూలు మనుషులు పీల్చే గాలి తమకి సోకకూడదని తలకి బుడగలాంటి తొడుగు పెట్టుకుని తిరుగుతారు. బానిసల ఒంటి మీద వాతతో ముద్ర వేస్తారు. ఫిషర్ టైగర్ అనే చేప మనిషి బానిసల్ని విడిపిస్తాడు. ఆ ముద్ర కనపడకుండా దాని మీద సూర్యుడి గుర్తు వేస్తారు. ఎన్నడూ బానిసలు కానివాళ్లు కూడా అదే గుర్తు వేయించుకుంటారు, ఎవరు బానిసో ఎవరికీ తెలియకుండా.

మావాడొకడు ఈ కథ చెప్తూ ఆగి, "సార్, ఆ బుడగ అంటే మడి కదా" అన్నాడు. ఇది ఏ సిలబస్‌లో ఉంది? 2025లో ఇండొనేషియాలో, నేపాల్‌లో కుర్రాళ్లు వీధుల్లోకి వచ్చి ఎగరేసింది ఈ కథలోని జెండానే.

జపాన్‌లోనూ వెలివాడలున్నాయి. తోలు పని, పశువుల కోత పని చేసినవాళ్లని అంటరానివాళ్లని చేశారు. వాళ్లే బురాకుమిన్. 1871లో ప్రభుత్వం ఆ ముద్ర రద్దు చేసింది. పెళ్లిళ్లలో, ఉద్యోగాల్లో వివక్ష మిగిలింది. దాన్ని పోగొట్టడానికి 2016లో మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. గుండె అదిరేలా మోగే తైకో ఉందే, దానికి తోలు బిగించిన చేతులు ఆ వాడలవే. డప్పు కథ తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పాలి?

షిరాతో సాన్‌పే 1964లో 'కాముయ్ దెన్' అనే మాంగా మొదలుపెట్టాడు. 'గారో' పత్రిక పెట్టిందే ఆ కథ వేయడానికి. కాముయ్ వెలివాడలో పుట్టి నింజా అయినవాడు. హాలంతా నింజా వేషాలే, ఆ పుస్తకం మాత్రం ఏ బల్ల మీదా నాకు కనిపించలేదు.

ఇప్పుడు అసలు మాట. మన దగ్గర దళిత రచయితని ఒక్కటే అడుగుతారు: నీ గాయం చూపించు. ఆకలి రాయి, అవమానం రాయి, ఆత్మకథ రాయి. రాశాం, ఇంకా రాస్తాం. కానీ డ్రాగన్ కథ రాస్తానంటే మాత్రం "అందులో మీ జీవితమేది?" అంటారు. 1941లో జాషువా 'గబ్బిలం'తో కాశీ విశ్వనాథుడికి కబురు పంపాడు. కాళిదాసు మేఘం కల్పన అయితే జాషువా గబ్బిలమూ కల్పనే. పాఠం చెప్పేటప్పుడు మాత్రం మేఘం దగ్గర కవి ఊహాశక్తిని పొగుడుతారు, గబ్బిలం దగ్గర సామాజిక స్పృహ అని ఊరుకుంటారు. ఊహ వాళ్లకి, బాధ మనకి. ఈ పంపకం ఎవరు చేశారు?

దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు బాబాసాహెబ్ జీవితాన్ని 'భీమాయన'గా గీసినప్పుడు నీళ్ల పంపులూ రైళ్లూ ప్రాణమున్న జంతువులయ్యాయి. బాధ చెప్పడానికి కూడా ఊహే కావాల్సి వచ్చింది.

కన్వెన్షన్లు పెట్టేవాళ్లకి ఒక మాట: ఒక్కరోజు సంక్షేమ హాస్టళ్ల పిల్లలకి ఉచితంగా తలుపు తీయండి. కాలేజీ లైబ్రరీలకి ఒక మాట: ఒక అర మాంగాకి, గ్రాఫిక్ పుస్తకాలకి ఇవ్వండి. మన అమ్మానాన్నలకి ఇంకో మాట: పిల్లలు లెక్కల నోట్‌బుక్ చివర బొమ్మలేస్తే ఆ పేజీలు చించకండి. తలకి నల్లగుడ్డ కట్టుకున్న మావాడి నోట్‌బుక్‌లో పదమూడు పేజీల కథ ఉంది. అందులో రాక్షసుణ్ని చంపే ఆయుధం డప్పు.

జై భీమ్.