శత్రువు దాచిన కంఠస్వరాలు

ఇండియా గేటు రాళ్లపై 13,000కు పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. పేర్లు ఢిల్లీలో ఉన్నవి గాని, ఆ తరం సిపాయిల గొంతు వినగోరితే బెర్లిను వైపు చూడవలసిందే.

ఆ నగరానికి దక్షిణాన వూన్స్‌డార్ఫ్‌లో, మొదటి ప్రపంచ యుద్ధకాలాన జర్మన్లు 'అర్ధచంద్ర శిబిరం' అనే బందీఖానా నడిపారు. బ్రిటిషు సైన్యంలో పోరాడుతూ పట్టుబడిన మన సిపాయిలను అందులో ఉంచారు. 1915లో ఏర్పడిన ప్రష్యా ఫోనోగ్రాఫ్ కమిషన్ పండితులు వారిచేత మాట్లాడించి, పాడించి రికార్డులు చేశారు. చెప్పవలసినది ముందుగా కాగితంపై వ్రాసి, సాధన చేయించి, అటుపిమ్మట గొట్టం ముందు నిలబెట్టేవారు. వారికి కావలసింది ఉచ్చారణ. సిపాయి క్షేమసమాచారం కాదు.

1916 డిసెంబరు 11న ఒక పంజాబీ సిపాయి ఆ గొట్టంలోనే తన మనవి దూర్చాడు. ఎవరో ఒక మనిషి కథ చెబుతున్నట్లు మొదలుపెట్టి, వాడు హిందూస్థానంలో వెన్న తినేవాడనీ, ఐరోపా యుద్ధానికి వచ్చి జర్మన్లకు చిక్కాడనీ, ఇంటికి పోగోరుతున్నాడనీ, పోగలిగితే మళ్లీ ఆ తిండి దొరుకుతుందనీ చెప్పాడు. నా దృష్టిలో అది పండితులకు చెప్పిన పాఠం కాదు, ఇంటికి వ్రాసిన జాబు. కాని అది చేరింది గ్రంథాలయానికి.

ఉత్తరాలున్నాయి గదా అనవచ్చు. ఫ్రాన్సు నుండి మన సిపాయిలు వ్రాయించిన లేఖలలో నేడు మనకు మిగిలినవి చాలవరకు సెన్సారు అధికారులు ఇంగ్లీషులోకి అనువదించుకొన్న భాగాలే.

రెండవ యుద్ధంలో బ్రిటిషు ప్రభుత్వం తన సైనికుల విషయంలో ఇంత పిసినారితనం చూపలేదు. 1944-46 మధ్య 'కాలింగ్ బ్లైటీ' పేరిట 391 చిత్రాలు తీసింది. వాటిలో పెక్కు బొంబాయిలో తీసినవే. సైనికుడు కెమెరా ఎదుట నిలిచి భార్యను, తల్లిని పలకరిస్తే, స్వగ్రామపు సినిమా హాలుకు ఆ కుటుంబాన్ని పిలిచి చూపించేవారు. 'బ్లైటీ' అన్నది మన 'విలాయతీ'కి వికృతి. మాట మనది, పలకరింపు వారిది. బర్మా రంగంలో పోరాడిన పద్నాలుగవ సైన్యంలో అత్యధికులు భారతీయులేనన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగ్గది.

తరలిపోయిన విగ్రహాలను మన ప్రభుత్వం విదేశాల నుండి రప్పిస్తున్నది, సంతోషమే. గొంతుల విషయంలో అంత పేచీ కూడా అవసరం లేదు, ప్రతులు చాలు. మూలాలు హంబోల్ట్ విశ్వవిద్యాలయపు శబ్ద భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్క రికార్డు వెంట మాట్లాడిన మనిషి పుట్టినచోటు నమోదు చేసిన పత్రం ఉంది. ప్రతులను ముందుగా ఆ గ్రామాలకు పంపి వినిపించాలి. ఢిల్లీలో సభలు, పూలదండలు ఆ తరువాత పెట్టుకోవచ్చు.