కామాఠీపుర పిల్లలకు మైదానం ఏది?

భారత రగ్బీ జట్టు 1998లో తొలిసారి అంతర్జాతీయ బరిలో దిగింది. సినీనటుడు రాహుల్ బోస్ ఆ తొలి జట్టులో ఆటగాడు. ఒళ్లు హూనమయ్యే ఆటను నటనతో పాటు ఏళ్ల తరబడి ఆడి, ఆ తర్వాత రగ్బీ ఇండియా అధ్యక్ష పదవి చేపట్టారు. ఆయన పట్టుదల గొప్పది. అయితే ఆ పట్టుదలకు కాలు మోపే చోటు ముంబైలో ఆజాద్ మైదాన్ పక్కనున్న బాంబే జింఖానా పచ్చికలో దొరికింది.

పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ కథను 2017లో తెరకెక్కించింది కూడా బోసే. ఆ పిల్లకు సంక్షేమ గురుకులం అండగా నిలిచింది. భువనగిరి గుట్ట తొలి పాఠం నేర్పింది.

మరి అదే ముంబైలోని కామాఠీపుర తెలుగు పిల్లలకు ఏముంది? తెలంగాణ నుంచి వలస వచ్చి ఈ నగరాన్ని కట్టిన కామాఠీల పేరే ఈ పేటకు నిలిచింది. వాళ్ల మునిమనవలు మాత్రం చాళ్ల మధ్య సందుల్లో, బండ్లను తప్పించుకుంటూ ఆడుకుంటున్నారు.

చోటిస్తే ఏమవుతుందో పక్కనే ఉన్న నాగ్‌పాడా చూపించింది. అక్కడి బాస్కెట్‌బాల్ కోర్టు నుంచి ఎదిగిన అబ్బాస్ ముంతసిర్ భారత జట్టుకు నాయకుడయ్యారు, 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. ఇరుకు పేటలోని ఒక్క కోర్టు అంత పని చేసింది.

ఇప్పుడు కామాఠీపుర పునర్నిర్మాణానికి సిద్ధమవుతోంది. సుమారు 34 ఎకరాల్లో పాత చాళ్లు పోయి టవర్లు లేవాలన్నది ప్రణాళిక. ప్రతి కుటుంబానికీ సొంత ఇల్లు రావాలి, అందులో రెండో మాట లేదు. దాంతో పాటు పిల్లలకు ఆటస్థలమూ కావాలి. రగ్బీ మైదానం వంద మీటర్ల పొడవుంటుంది. అంత చోటు అడగడం లేదు. పిల్లలు బంతి పట్టుకుని పరుగెత్తడానికి, పాసులు నేర్చుకోవడానికి సరిపడా మట్టినేల చాలు. అది టవర్ల వాళ్ల గేటు వెనక కాకుండా, పేట పిల్లలందరికీ తెరిచి ఉండాలి. కార్పొరేషన్ తెలుగు బడుల పిల్లలకు వారానికి రెండు రోజులైనా అక్కడ శిక్షకుణ్ణి పంపాలి. ఈ రెండో పనికి రగ్బీ ఇండియా చేయి కలపవచ్చు.

నక్షా మీద గీతలు ఖాయమయ్యాక అడిగితే ఎవరూ వినరు. సంతకాలు పెట్టే ముందే ఆటస్థలం ఎక్కడో చూపించమని చాళ్ల సంఘాలు పట్టుబట్టాలి.