వెన్నులో ఒంటరి గడ్డ: భయానికీ ఆశకూ నడుమ

శామీర్‌పేట ప్రాంతం నుండి ఒక సోదరి మాకు ఇలా వ్రాశారు: "మా వారికి 54 సంవత్సరాలు. నడుము నొప్పికి నెలల తరబడి మాలీషులు చేయించుకున్నారు. చివరకు వెన్నుపూసలో గడ్డ ఉన్నదని స్కానులో తెలిసింది. ముక్క తీసి పరీక్షిస్తే 'సాలిటరీ ప్లాస్మాసైటోమా' అన్నారు. రేడియేషన్ పూర్తయింది, నొప్పి పోయింది. అయినా మూడు నెలలకొకసారి రమ్మంటున్నారు. నయమైన మనిషిని ఆసుపత్రుల చుట్టూ త్రిప్పడమెందుకని మా అత్తగారు అంటున్నారు. జబ్బు మళ్ళీ రావచ్చునన్న మాట మా వారికి చెప్పకుండా దాచవచ్చునా?"

సోదరీ! అల్లాహ్ మీ వారికి సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! మేము వైద్యులము కాము. కాని జబ్బు స్వభావం తెలియకుండా దానికి సంబంధించిన ధర్మం చెప్పలేము. కనుక ముందుగా వైద్యశాస్త్రం చెబుతున్నదేమిటో చూద్దాము.

మన ఎముకల మూలుగలో ప్లాస్మా కణాలుంటాయి. రోగక్రిములతో పోరాడే ప్రతిరక్షకాలను తయారుచేయడం వాటి పని. వాటిలో ఒక కణం అదుపు తప్పి, తన వంటి కణాలనే పెంచుకుంటూ ఒకే చోట గడ్డ కట్టడం ఈ జబ్బు. ఇది ఎక్కువగా వెన్నెముకలోనే కనిపిస్తుంది. 40 నుండి 50 గ్రేల రేడియేషన్‌ను నాలుగైదు వారాలపాటు ఇస్తారు. నూటికి 80 మందికి పైగా రోగులలో ఆ చోట గడ్డ అణగిపోతుంది. ఇది గొప్ప శుభవార్త.

రెండవ సంగతి కూడా వినాలి. ఎముకలో ఈ గడ్డ వచ్చినవారిలో దాదాపు సగం మందికి పది సంవత్సరాలలోపు మల్టిపుల్ మైలోమా వస్తుంది. అంటే జబ్బు ఒక్క చోట ఆగక మూలుగ అంతటా వ్యాపిస్తుంది. అలా మారేవారిలో ఎక్కువ మందికి మొదటి మూడు నాలుగు ఏళ్ళలోనే మారుతుంది. మిగిలిన సగం మంది ఏళ్ళ తరబడి ఆ జబ్బు లేకుండానే జీవిస్తారు. మీ వారు ఏ సగంలో ఉన్నారో నేడు ఏ వైద్యుడూ చెప్పలేడు. నొప్పి లేకపోవడం కూడా దానికి సాక్ష్యం కాదు.

సాక్ష్యం చెప్పేది రక్తపరీక్ష. అదుపు తప్పిన కణాలు ఒకే రకం ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చైన్ పరీక్షలు దానిని పట్టిస్తాయి. చికిత్స తరువాత ఆ ప్రొటీన్ పూర్తిగా మాయమైతే మంచి సూచన. సంవత్సరం దాటినా మిగిలి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. మూడు నెలలకొకసారి రమ్మనడం ఇందుకే. మైలోమాగా మారినా, ఎముకలు విరగకముందే, మూత్రపిండాలు దెబ్బతినకముందే కనిపెడితే మందులతో ఏళ్ళ తరబడి అదుపులో ఉంచవచ్చు. బోర్టెజొమిబ్, లెనాలిడొమైడ్ వంటి ఆ మందులను నేడు మన హైదరాబాదు కంపెనీలే తయారు చేస్తున్నాయి.

ఇక ధర్మం మాట. పరీక్షలకు పోవడం అల్లాహ్‌పై నమ్మకం లేకపోవడమా? కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను చూడండి. హజ్రత్ యాఖూబ్ (అలై) తన కుమారులను ఈజిప్టుకు పంపుతూ, అందరూ ఒకే ద్వారం గుండా ప్రవేశించవద్దని జాగ్రత్త చెప్పారు. ఆ వెంటనే, అల్లాహ్ నిర్ణయం నుండి తాను వారిని ఏమాత్రం తప్పించలేనని కూడా అన్నారు. జాగ్రత్త, తవక్కుల్ రెండూ ఒకే నోట వెలువడ్డాయి. వైద్యం చేయించుకోవలసిందిగా దైవప్రవక్త (స) కూడా ఆదేశించారు. దుఆ, తేనె, కలోంజీ మంచివే; కాని వాటిని చూపి చికిత్స మానుకోవడం సున్నత్ కాదు.

జబ్బు సంగతి దాచవచ్చునా అన్నారు. ఆ శరీరం అల్లాహ్ మీ వారికి అప్పగించిన అమానతు. అప్పులు తీర్చడం, వసీయత్ వ్రాయడం, పిల్లల బాధ్యతలు చక్కబెట్టడం వారి విధులు. తెలియనివాడు వాటినెలా నెరవేరుస్తాడు? పైగా ప్రమాద సూచనలను ముందుగా గుర్తించగలిగేది వారే. కనుక చెప్పండి, కాని "సగం మందికి వస్తుంది" అన్న సగాన్ని మాత్రమే చెప్పి ఆపవద్దు. రెండవ సగం కూడా చెప్పండి. విశ్వాసి హృదయం ఖౌఫ్, రజా అనే రెండింటి నడుమ, అంటే భయానికీ ఆశకూ నడుమ నిలవాలని మన పెద్దలు బోధించారు. ఈ జబ్బు లెక్కలు సైతం మనిషిని సరిగ్గా అక్కడే నిలబెడుతున్నాయి.

ఇంట్లోవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. బలహీనమైన వెన్నుపై మాలీషు, పెహల్వాన్ల వైద్యం వద్దు. వైద్యుడు చెప్పనిదే నొప్పి మాత్రలు వాడవద్దు, అవి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. కొత్తగా ఎముక నొప్పి, విపరీతమైన నీరసం, అతిదాహం, మాటిమాటికీ జ్వరాలు వస్తే తదుపరి తేదీ వరకు ఆగవద్దు. కాళ్ళు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. రమజాన్ ఉపవాసాల విషయం వైద్యుణ్ణి అడగండి; రోగికి ఖుర్ఆన్ సడలింపు ఇచ్చింది. నిలబడలేకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే ప్రక్కకు పడుకుని నమాజు చేయమని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) సెలవిచ్చారు. వంగలేనివారు రుకూ, సజ్దాలను సైగతో చేయాలి. సజ్దాకు తలను మరికొంత దించాలి.

మేడ్చల్, శామీర్‌పేటల నుండి సికింద్రాబాదు మీదుగా లక్డీకాపూల్ వద్దనున్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోయి రావడమంటే ఒక దినం కూలి పోయినట్లే, నిజమే. ఏయే రక్తపరీక్షలు దగ్గరలోనే చేయించవచ్చునో అడిగి తెలుసుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుండి 10 లక్షల రూపాయలకు పెరిగింది. మీ వారికి ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రోగికి తోడుగా ఆసుపత్రికి పోవడం కూడా పరామర్శే. బస్తీలోని యువకులు వంతులవారీగా ఆ పుణ్యం సంపాదించుకోవచ్చు.

మీ అత్తగారికి మా సలాములు. కుమారునిపై ప్రేమతోనే ఆమె అలా అన్నారు. తదుపరి పరీక్షకు కుమారునితోపాటు ఆమెను కూడా తీసుకువెళ్ళండి, వైద్యుని మాట ఆమే స్వయంగా వింటారు. అల్లాహ్ రోగులందరికీ షిఫానూ, వారి సేవ చేసేవారికి సహనాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.