గుర్తింపు దక్కింది, గోడల సంగతేమిటి?

మహారాష్ట్ర దక్షిణ కొసన ఉన్న మాల్వాన్ రేవు నుంచి పడవలో కొద్దిసేపు ప్రయాణిస్తే సింధుదుర్గ్ కోట ఎదురవుతుంది. ప్రాకారం కనిపిస్తుంది గాని ద్వారం కనిపించదు. శత్రువుల కంటబడకుండా దానిని బురుజుల మలుపులో దాచారు. కుర్తే దీవిపై 1664లో శివాజీ తలపెట్టిన ఈ నిర్మాణం మూడేళ్లలో పూర్తయింది. జంజీరా సిద్దీలను, విదేశీ నౌకాబలాలను నిలువరించడమే దీని లక్ష్యం. పునాదిరాళ్లను సీసం పోసి బిగించారు. చుట్టూ ఉప్పునీరే అయినా లోపలి మూడు బావులలో మంచినీరు ఊరుతుంది. 1812లో బ్రిటిష్ వారి వశమైన తర్వాత కోటకు సైనిక ప్రాధాన్యం పోయింది. నేడు లోపల చాలాభాగం శిథిలమే. అయినా శివాజీ ఆలయంలో పూజలు సాగుతున్నాయి. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ అక్కడే నివసిస్తున్నాయి.

2025 జూలైలో యునెస్కో మరాఠాల 12 కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో 11 మహారాష్ట్రలో, ఒకటి తమిళనాడులోని జింజీలో ఉన్నాయి. ఎనిమిది కోటలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోను, నాలుగు మహారాష్ట్ర ప్రభుత్వ రక్షణలోను ఉన్నాయి. సింధుదుర్గ్ కేంద్రం బాధ్యత.

అయితే గుర్తింపు వేరు, సంరక్షణ వేరు. మాల్వాన్‌లోనే రాజ్‌కోట్ వద్ద 2023 డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం సందర్భంగా ఆవిష్కరించిన 35 అడుగుల శివాజీ విగ్రహం 2024 ఆగస్టు 26న కూలిపోయింది. తొమ్మిది నెలలైనా నిలవలేదు. రాజకీయ దుమారం రేగింది. ప్రధానమంత్రి క్షమాపణ చెప్పారు. 2025లో అదే చోట మరింత పెద్ద విగ్రహం వెలిసింది. ఎదుటి దీవిపై గోడలు మాత్రం మూడున్నర శతాబ్దాలుగా అలలకు ఎదురొడ్డి నిలిచే ఉన్నాయి.

ఆ గోడలు కూడా అమరం కావు. రాళ్ల సందుల్లో సున్నం కరిగిపోతుంది. మొక్కల వేళ్లు చొరబడి రాళ్లను కదిలిస్తాయి. వర్షాకాలంలో పర్యాటకుల పడవలు ఆగిపోతాయి; మరమ్మతులకు మిగిలేది పొడి నెలలే. పని ఏటా జరగవలసినదే. దానికి ఆవిష్కరణోత్సవం ఉండదు, శిలాఫలకమూ ఉండదు. నిర్లక్ష్యానికి కారణం బహుశా ఇదే.

మరొక చిక్కు కోటలోని కుటుంబాలది. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణాన్ని చట్టం నిషేధించింది. పాత ఇంటికి మరమ్మతు చేయాలన్నా అనుమతి తప్పదు. కోటను కాపాడే నిబంధన అందులోని మనుషులను వెళ్లగొట్టే సాధనం కారాదు. పర్యాటకులు పెరిగితే వచ్చే ఆదాయంలో వారికీ, పడవవారికీ వాటా దక్కాలి. శివాజీ పట్ల గౌరవం విగ్రహం ఎత్తులో కాదు, ఆయన కట్టించిన గోడ నుంచి జారిన రాయిని తిరిగి పేర్చడంలో ఉంది.